నిపే మ్‌జీ... ఒక ఊరివ్వు

ఇంటర్ మొదటి సంవత్సరంలో దసరా సెలవుల దాకా నేను క్లాసులో నోరు తెరవలేదు. మా ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం, లెక్కల్లో సైన్సులో నాదే ఫస్ట్, సార్ ఏది అడిగినా నా చెయ్యే ముందు లేచేది. అనంతపురం వచ్చి ఇంగ్లిష్ మీడియంలో చేరాక, నాకు బాగా తెలిసిన కిరణజన్య సంయోగక్రియ కాస్తా ఫోటోసింథసిస్ అయి కూర్చుంది. జవాబు లోపల తెలుస్తూనే ఉండేది, బయటికి వచ్చేది కాదు. లెక్చరర్ చూపు నా మీద పడకుండా ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి జడ వెనక తల దాచుకునేదాన్ని. ఆ నాలుగు నెలల గురించి ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2014 జులైలో, టాంజానియాలో కిలిమంజారో కొండ వాలులో ఉన్న ఒక స్కూల్లో నలభై మందికి పైగా పిల్లలు అచ్చం అలాగే తలలు దించుకుని కూర్చుంటే, నాకు ఆ అమ్మాయి జడ గుర్తొచ్చింది. దానికి కట్టిన ఆకుపచ్చ రిబ్బనుతో సహా.

ఆ పది రోజుల గురించి రాసిపెట్టుకోమని మా తమ్ముడు ఎప్పట్నుంచో అంటున్నాడు. మొన్న పై గది సర్దుతుంటే అప్పటి బొమ్మొకటి దొరికింది, నూనె కాగితం మీద వేసిన కొండ బొమ్మ, పసుపుపచ్చగా మారిపోయి, ఇంకా కొంచెం నూనె వాసన కొడుతూ. దాన్ని ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను.

నేను ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఆర్ట్ టీచర్ని. ఇక్కడ చాలా స్కూళ్ళకి ఆఫ్రికాలో ఒక జత స్కూలు ఉంటుంది. ఉత్తరాలు రాసుకుంటారు, బొమ్మలు పంపించుకుంటారు, వీలైతే ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళొస్తారు. మా జత స్కూలు మోషి పట్నం నుంచి మరంగు వైపు కొండెక్కే దారిలో, అరటి తోటల మధ్యన ఉంది. ఆ ఏడు మా దగ్గర్నుంచి పదహారు పదిహేడేళ్ళ పిల్లలు ఆరుగురు, ఇద్దరు టీచర్లం వెళ్ళి అక్కడ ఫామ్ వన్ పిల్లలతో, అంటే హైస్కూల్లో మొదటి ఏడు పిల్లలతో, కథలూ బొమ్మలూ నాటకాలూ వర్క్‌షాప్ పెట్టాలని అనుకున్నాం. అనుకున్నాం అంటే ఇక్కడ కూర్చుని అనుకున్నాం, అసలు తప్పు అక్కడే మొదలైంది.

బయల్దేరే ముందు నాకు కొంచెం స్వాహిలీ నేర్పింది మా వీధిలో ఉండే గుజరాతీ పెద్దావిడ. అందరం ఆవిణ్ణి బా అనేవాళ్ళం. లెస్టర్‌లో తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడిన గుజరాతీ కుటుంబాలు చాలా ఉన్నాయి, ఈవిడ చిన్నతనం మోషిలోనే గడిచిందట. సాయంత్రాలు వాళ్ళ వంటింట్లో టీ తాగుతూ ఒక్కో మాటా చెబుతుంటే నాకు ఆశ్చర్యం ఆగేది కాదు. రంగుని రంగి అంటారు. కలాన్ని కలాము. సబ్బుని సబూని. సర్కారుని సెరికాలి. లోకాన్ని దునియా, మందుని దవా. పచ్చడిని అచారి అంటారు, పళ్ళెం మాత్రం సహాని. మనం "ఏం కబురు" అన్నట్టే వాళ్ళు "హబారి?" అంటారు. మన కబురూ వాళ్ళ హబారీ ఒకే అరబ్బీ మాట నుంచి సముద్రానికి ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ చేరినవే. ఇంకా ముఖ్యమైంది పెద్దవాళ్ళకి పెట్టే దండం, "షికమో". మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని అసలు అర్థమట. పెద్దవాళ్ళు "మరహబా" అని అందుకోవాలి. అది చెప్పకుండా పెద్దవాళ్ళ ముందు నుంచి నడిచిపోకు, అక్కడ పిల్లలు కూడా పోరు అని బా రెండుసార్లు గట్టిగా చెప్పింది.

ప్రయాణం సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. రాత్రి విమానాశ్రయంలో దిగి చీకట్లోనే కొండెక్కాం, పొద్దున లేచేసరికి చలి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పలచటి చొక్కాలు తెచ్చుకున్న మా పిల్లలు దుప్పట్లు కప్పుకుని బయటికొచ్చారు. భూమధ్యరేఖకి దగ్గరే అయినా అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం, కొండ వాలు మీదైతే రోజంతా మబ్బే. స్కూలు పిల్లలు తెల్ల చొక్కాల మీద ముదురు నీలం స్వెట్టర్లు వేసుకుని, ఆడపిల్లలు కూడా జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చీపుళ్ళతో ఆవరణ ఊడుస్తున్నారు. మమ్మల్ని చూడగానే చీపుళ్ళు పక్కనపెట్టి "షికమో మేడమ్" అన్నారు. మా ఊరి బడిలో "నమస్తే టీచర్" అని లేచి నిలబడే గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఫలితం తెలిసిన విషయమే అయినా మొదటి రోజు గురించి రాయాలి. నలభై ఆరుగురు పిల్లలు, మా ఆరుగురూ ఒక్కో గుంపుతో. మేము ప్రింటు తీసుకెళ్ళిన కాగితాలు పంచాం. "నువ్వొక మేఘానివైతే ఏం చూస్తావో రాయి" లాంటివి, అన్నీ ఇంగ్లిష్‌లో, చాలా ఓపికగా తయారు చేసినవి. పిల్లలు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశారు. అర్థమైందా అంటే "యెస్ మేడమ్" అన్నారు. ఎవరైనా చదువుతారా అంటే మాటలేదు. మా ఇంగ్లిష్ పిల్ల ఒకతె మోకాళ్ళ మీద కూర్చుని ఎంతో ప్రేమగా అడుగుతోంది, అవతలి అమ్మాయి తల ఇంకా ఇంకా కిందికి వంచేస్తోంది. గంటన్నరలో నలభై ఆరు కాగితాల మీద పేర్లు, తేదీలు అందమైన దస్తూరీతో వచ్చాయి. మేఘాలు మాత్రం రాలేదు.

వాళ్ళు సిగ్గరులనీ, కొత్తవాళ్ళంటే భయమనీ మా వాళ్ళు సాయంత్రం అనుకుంటుంటే నేను ఒప్పుకోలేకపోయాను. ఆ పిల్లలే మధ్యాహ్నం మకాండే తినేటప్పుడు (మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించేది, రోజూ అదే భోజనం) చెట్టు కింద ఎంత గోల చేశారో నేను విన్నాను. రాత్రి మాకు తోడుగా ఉన్న అక్కడి టీచరమ్మని అడిగితే విషయం చెప్పింది. అప్పట్లో టాంజానియాలో ప్రభుత్వ ప్రైమరీ బడిలో ఏడేళ్ళూ చదువు స్వాహిలీలోనే. ఏడో తరగతి చివర దేశమంతటా ఒకే పరీక్ష, అది గట్టెక్కినవాళ్ళు జనవరిలో ఫామ్ వన్‌లో చేరతారు. చేరిన రోజు నుంచీ ఒక్క స్వాహిలీ సబ్జెక్టు తప్ప లెక్కలూ సైన్సూ చరిత్రా అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఈ పిల్లలకి ఇంట్లో చగ్గా భాష, బడిలో ఏడేళ్ళు స్వాహిలీ, ఇప్పుడు ఇది. "ఇంకా ఆరు నెలలే అయింది" అంది ఆవిడ, అదేదో మామూలు జ్వరం, తగ్గిపోతుంది అన్నట్టు. స్కూలు గోడ మీద ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

పొద్దున్నే హెడ్మాస్టర్ గారి గదికి వెళ్ళాను. గోడ మీద ఒకవైపు అప్పటి అధ్యక్షుడి ఫోటో, ఇంకోవైపు జూలియస్ నైరేరేది. ఆ దేశానికి తొలి అధ్యక్షుడైనా ఆయన్ని జనం ఇప్పటికీ మ్వాలిము అనే అంటారు, అంటే టీచరు. నిజంగానే బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ ఫోటో కింద కూర్చుని, మా వర్క్‌షాప్ గదిలో మటుకు స్వాహిలీ మాట్లాడనిస్తారా అని అడిగాను. నా ఇంటర్ సంగతి కూడా చెప్పాను. అమ్మకి చెప్పని మాట, పరాయి దేశంలో పరాయి మనిషికి చెప్పేశాను. ఆయన చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, "ఆ గదిలో మీ ఇష్టం, తలుపు వేసుకోండి" అన్నారు.

ఆ రోజు మా కాగితాలు బయటికి తీయలేదు. టీచరమ్మ గదిలోకి వస్తూ వస్తూనే గట్టిగా "కిటెండవీలి!" అంది. నలభై ఆరు గొంతులు ఒక్కసారిగా "టేగా!" అన్నాయి. బల్లలు అదిరాయి, మా ఇంగ్లిష్ పిల్లలు ఉలిక్కిపడ్డారు. కిటెండవీలి అంటే పొడుపుకథ. టేగా అంటే వెయ్యి, ఉచ్చు పన్ను అని. ఆవిడ మొదటిది వేసింది, "న్యుంబా యంగు హైనా మ్లాంగో", నా ఇంటికి తలుపు లేదు. అందరికీ తెలిసిందే కాబోలు, "యాయి" అని అరిచారు. గుడ్డు. తర్వాత నిన్నంతా తలెత్తని ఒక అబ్బాయి లేచాడు, మోచేతుల దగ్గర స్వెట్టర్ పిగిలిపోయి ఉంది. "కుకు వంగు కటాగియా మీబాని." నా కోడి ముళ్ళల్లో గుడ్డు పెట్టింది. మా పిల్లలు తోచింది చెప్పారు, నేనూ చెప్పాను, ఏదీ కాదు. అప్పుడు వాడు చెయ్యి చాచి "నిపే మ్‌జీ" అన్నాడు.

ఆ ఆట నియమం అది. జవాబు చెప్పలేకపోతే ఓడిపోయినవాళ్ళు ఒక ఊరిని ఇవ్వాలి. పొడుపు వేసినవాడు ఆ ఊరు పుచ్చుకుని, అక్కడికి వెళ్ళొచ్చి, అప్పుడు జవాబు విప్పుతాడు. మిగతా పిల్లలు ఎవరో అరూషా అన్నారు, వాడు వద్దన్నాడు, దారేసలాం అన్నారు, అదీ వద్దన్నాడు, నా వైపే చూస్తున్నాడు. నేను ధర్మవరం అన్నాను. ఎందుకో అదే వచ్చింది నోటికి. మా ఊరికి దగ్గర్లో ఉన్న పట్నం, అమ్మతో పట్టుచీరల పనికి వెళ్ళేవాళ్ళం. గదంతా ఆ మాటని నోట్లో వేసుకుని నమిలింది, ద-ర్మా-వ-రా-మ్. వాడు రెండడుగులు నడిచి, కళ్ళు మూసుకుని, తెరిచి, ధర్మవరం వెళ్ళాను, నన్ను బాగా చూసుకున్నారు, పిలావు పెట్టారు, పడుకున్నాను, వచ్చేశాను, జవాబు ననాసి అని చెప్పాడు. ననాసి అంటే అనాసపండు. పేరు కూడా దాదాపు మనదే. ధర్మవరంలో నన్ను బాగా చూసుకున్నారు అని ఆ పిల్లవాడు చెప్పినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడింది, ఇప్పటికీ ఆ మాట రాస్తుంటే పడుతోంది.

ఆ తర్వాత నా వంతు. మా నాయనమ్మ పొడుపుకథ చెప్పాను, ముందు తెలుగులోనే. "కిటకిట తలుపులు కిటారి తలుపులు ఎప్పుడు వేసినా చప్పుడు కావు." కిటకిట కిటారి అనేది వాళ్ళకి అర్థం అవసరం లేకుండానే పట్టుబడింది, రెండు రోజులు ఎక్కడ కనబడినా కిటకిట అని పలకరించేవాళ్ళు. టీచరమ్మ స్వాహిలీలో చెప్పాక ఒక అమ్మాయి, నిన్న మా పిల్ల ముందు తల వంచుకుంటూ పోయిన ఆ అమ్మాయే, కనురెప్పల మీద వేలు పెట్టి చూపించింది. మాట్లాడలేదు, చూపించింది అంతే.

మూడో రోజు పొద్దున మాకు పారలు ఇచ్చారు. దానికొక సామెత ఉంది, చుట్టానికి రెండు రోజులు, మూడో రోజు పార ఇవ్వు అని. నైరేరే కూడా 1962లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని వాడారు. స్కూలు వెనక తోటలో మ్‌చీచా మడులు తవ్వాం. మ్‌చీచా అంటే మన తోటకూరే, కాడ గిల్లి వాసన చూస్తే చాలు తెలిసిపోయింది. మధ్యాహ్నం ఆ కూరతో ఉగాలి పెట్టారు, మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. రాయలసీమ మనిషికి సంకటి తినడం ఎవరైనా నేర్పాలా! ముద్ద చేసి బొటనవేలితో గుంట నొక్కి కూర అద్దుకుని తింటుంటే వంటామె వచ్చి నా పక్కనే కూర్చుంది. వాళ్ళు రాగులూ పండిస్తారు, అరటిపండుతో కలిపి పులియబెట్టి మ్‌బేగే అనే బీరు లాంటిది చేస్తారు, పెళ్ళిళ్ళకీ పెద్దల పనులకీ అది ఉండాల్సిందే. అసలు రాగులు పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో, వేల ఏళ్ళ కిందట అక్కడి నుంచే మన దగ్గరికి వచ్చాయి. ఇది నేను ఎప్పుడో చదివిందే. కానీ ఆ వంటామె చేటలో రాగులు చెరుగుతుంటే చూడటం వేరు. మా అమ్మ చెయ్యి ఎలా తిరిగేదో అలాగే తిరుగుతోంది.

ఇంక బొమ్మల సంగతి. మా ప్లాను ప్రకారం ఇంగ్లండ్ నుంచి తెచ్చిన నల్ల అట్టతో నీడ బొమ్మలు చేయించి, తెచ్చిన లైటుతో తెర మీద ఆడించాలి. కుందేలూ తాబేలూ కథ అని కూడా అనేసుకున్నాం. పిల్లలు అట్టలు కత్తిరించారు, బాగానే ఉన్నాయి, కానీ నల్లగా, ప్రాణం లేకుండా. నాకు మా ఊరి తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట, ఆ కళాకారుల ఊరు. నా చిన్నతనంలో వేసవిలో ఒకటి రెండుసార్లు మా ఊళ్ళో ఆడారు, తెల్లార్లూ. తెల్ల పంచెల తెర, వెనక దీపాలు, కాళ్ళ కింద చెక్క పలకలు తొక్కితే యుద్ధం వచ్చినట్టు మోత, మధ్యమధ్యలో జుట్టు పోలిగాడూ బంగారక్కా వస్తే ఆడవాళ్ళంతా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం. ఆ బొమ్మల్లో నీడ నల్లగా ఉండదు, ఎర్రగా పచ్చగా వెలుగుతుంది. ఎందుకంటే మేక తోలుని పలచగా గీకి, వెలుతురు దూరేలా చేసి రంగులద్దుతారు. ఇక్కడ తోలెక్కడిది? కానీ కాగితానికి నూనె రాస్తే వెలుతురు దూరుతుంది కదా, పకోడీల పొట్లం ఎత్తి చూసిన ఎవరికైనా తెలుసు. వంటింట్లోకి పరుగెత్తి పొద్దుతిరుగుడు నూనె అడిగి తెచ్చాను. తెల్ల కాగితం మీద బొమ్మ వేసి, రంగు దట్టంగా దిద్ది, వెనక నుంచి దూదితో నూనె రాసి, కిటికీకి పెట్టి చూపించాను.

"రంగి!" అని ఒకడు అరిచాడు. ఆ తర్వాత నేను చెప్పాల్సిన పనే లేకపోయింది.

కుందేలూ తాబేలూ వాళ్ళకి వద్దట. వాళ్ళ కథ వాళ్ళకుంది. కిలిమంజారోకి రెండు పెద్ద శిఖరాలు, గుండ్రంగా మంచు టోపీతో 5,895 మీటర్ల కిబో, పక్కనే రంపపు పళ్ళలాగా చీలిపోయి 5,149 మీటర్ల మవెంజి. మవెంజి అలా ఎందుకైందంటే, వాడి పొయ్యిలో నిప్పు ఆరిపోయి కిబో ఇంటికి నిప్పు అడగడానికి వచ్చాడు. ఇచ్చాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఇచ్చాడు. మూడోసారి వచ్చేసరికి కిబోకి కోపమొచ్చి, ఎండిన అరటికాయలు దంచుతున్న రోకలితోనే వీపు మీద బాదాడు. ఆ గాట్లే ఇప్పటికీ కనబడతాయి. ఈ కథ మీద ఆ గదిలో పెద్ద తగువే జరిగింది. అన్నదమ్ములని ఒకరు, కాదని ఒకరు, మవెంజే పెద్దవాడని ఒకరు, నిప్పు నిజంగా ఆరలేదు, కిబో ఇంట్లో పెట్టే అరటిపండ్ల కోసం వాడే ఆర్పేశాడని ఒకరు. ఒక్కో ఊరివాళ్ళది ఒక్కో కథ. మొదటి రోజు పేరూ తేదీ రాసిచ్చిన పిల్లలే వీళ్ళు! మా ఇంగ్లిష్ పిల్లలు ఆ తగువు మధ్యలో కత్తెరలు పట్టుకుని కూర్చుని, ఎవరు ఏం చెప్పమంటే అది కత్తిరించి పెట్టారు. నిజం చెప్పాలంటే మా వాళ్ళు అంత సంతోషంగా పనిచేయడం నేను మా స్కూల్లో కూడా చూడలేదు.

కాళ్ళూ చేతులూ కదిలేలా కలపడానికి తెచ్చిన ఇత్తడి పిన్నులు రెండో రోజుకే అయిపోయాయి. దారంతో ముడులు వేసుకున్నారు, మన తోలుబొమ్మలకీ అంతే కదా. వెదురు చీల్చి పుల్లలు కట్టారు.

ఆట రోజు ముందు టీచరమ్మ బోర్డు మీద, అమ్మానాన్నలకి కబురు పంపిన చీటీలోనూ, "సా 10" అని రాసింది, స్వాహిలీలో సా అంటే గంట. మేము పదింటికల్లా తెర కట్టి, బొమ్మలు వరసగా పేర్చి, పిల్లల్ని తయారుచేసి కూర్చున్నాం. ఒక్కరూ రాలేదు. పదిన్నర, పదకొండు. నాకు టెన్షన్ మొదలైంది. పైగా కరెంటు లేదు, మా లైటు వెలగదు. టీచరమ్మ వచ్చి, సా 10 అంటే సాయంత్రం నాలుగు కదా అంది. స్వాహిలీలో గంటలు లెక్కపెట్టేది పొద్దు పొడిచినప్పటి నుంచి, పొద్దున ఏడింటికి ఒకటో గంట. మన పంచాంగంలో ఘడియలు కూడా సూర్యోదయం నుంచే లెక్కిస్తారు కదా అనుకుంటే నాకు వెంటనే లెక్క కుదిరింది కానీ, కరెంటు ఎలా కుదురుతుంది?

దారి చూపించింది ఆ మోచేతుల చిరుగు స్వెట్టర్ అబ్బాయి. గది గుమ్మం పడమర వైపు. తెరని గుమ్మానికి కట్టి, చూసేవాళ్ళు లోపల చీకట్లో కూర్చుని, మేము బయట నిలబడితే సూర్యుడే దీపం కదా అన్నాడు, చేతులతో గాలిలో గీసి చూపిస్తూ. నాలుగింటికి పొద్దు వాలి ఉంటుంది, సరిగ్గా తగులుతుంది. పదింటికే మొదలుపెట్టి ఉంటే సూర్యుడు అవతలి వైపు ఉండేవాడు. కానీ మబ్బు! మూడింటి దాకా కొండ మీద నుంచి తెల్లగా దిగుతూనే ఉంది. నేను మా ఊరి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. మూడున్నరకి నెమ్మదిగా విడిపోయింది.

అమ్మలూ అమ్మమ్మలూ వచ్చారు, చంటిపిల్లల్ని వీపుకి కట్టుకుని. కిటికీల్లోంచి వెలుతురు వస్తోందని చెబితే భుజాల మీద కప్పుకున్న కంగాలు తీసి ఇచ్చారు. కంగా అంటే వాళ్ళ నూలు గుడ్డ, చుట్టూ అంచు, మధ్యలో బొమ్మ, కింద ఒక సామెత అచ్చువేసి ఉంటుంది, జంటగా అమ్ముతారు. ఆ సామెతలన్నీ కిటికీలకి వేలాడుతుంటే గది చీకటైంది. గుమ్మంలో మా గెస్ట్‌హౌస్ దుప్పటి తెల్లగా వెలిగింది.

మవెంజికి గొంతు ఎవరో నాకు ముందు తెలియదు, పిల్లలే పంచుకున్నారు. ఆ కనురెప్పల అమ్మాయి. కిబో ఇంటి ముందుకి చీలికల్లేని నున్నటి కొండ, ఊదారంగులో వెలుగుతూ వచ్చి, స్వాహిలీలో అడిగింది, "నిపే మోటో." నిప్పివ్వు. రెండోసారి చగ్గాలో అడిగింది. లోపల అమ్మమ్మలు ఒక్కసారిగా నవ్వుతూ తొడలు చరుచుకున్నారు, బడి గోడల మధ్య తమ భాష వింటామని వాళ్ళు అనుకోలేదేమో. మూడోసారి ఇంగ్లిష్‌లో అడిగింది. "ప్లీజ్ గివ్ మీ ఫైర్." గట్టిగా, తడబడకుండా, ఎవరూ అడగకుండానే. మూడు అడగడాలకి మూడు భాషలు పెడదామని పిల్లలే అనుకున్నారట, మాలో ఎవరికీ చెప్పలేదు. హెడ్మాస్టర్ గారు వెనక నిలబడి ఉన్నారు, ఆయన చప్పట్లు నాకు వినిపించాయి. తర్వాత రోకలి దెబ్బలు పడ్డాయి, బయట పిల్లలు బల్ల చెక్కలు తొక్కి మోత చేశారు. అది నేనే చెప్పాను, పోలిగాడి రుణం. ఒక్కో దెబ్బకీ కాగితపు కొండ లోంచి ఒక్కో ముక్క లాగేస్తుంటే తెర మీద మవెంజికి గాట్లు పడుతూ వచ్చాయి.

ఆ అమ్మాయి తెర వెనక లేకపోతే ఆ మాట అనేదా? నాకు తెలిసి అనేది కాదు. నాకు ఇంటర్లో అలాంటి తెర ఎవరూ కట్టలేదు, జడ ఒక్కటే దొరికింది. మన దగ్గర ఇంగ్లిష్ మీడియం, తెలుగు మీడియం గొడవ వచ్చినప్పుడల్లా రెండు వైపుల వాళ్ళూ నా మీద కోప్పడతారు. ఇంగ్లిష్ వద్దని నేను ఎలా అంటాను, నేను తింటున్న అన్నం దాంతోనే. కానీ బిడ్డ నోట్లో ఉన్న మాటని బయట వదిలేసి రమ్మని గోడ మీద రాయడం మాత్రం అన్యాయం. కథ చెప్పాలన్నా లెక్క అడగాలన్నా ముందు నోరు తెరుచుకోవాలి, అది సొంత మాటతోనే తెరుచుకుంటుంది, తర్వాత ఎన్ని భాషలైనా వస్తాయి. వర్క్‌షాపుల గురించి కూడా నా అభిప్రాయం మారింది. మరుసటి ఏడు వెళ్ళినవాళ్ళకి ఒక్కటే చెప్పాను, పెట్టెలు తగ్గించండి, మొదటి రోజు ఏమీ చేయించొద్దు, వినండి అని. మేము తీసుకెళ్ళిన లైటూ నల్ల అట్టా ఎందుకూ పనికిరాలేదు. కత్తెరలు, రంగులు పనికొచ్చాయి. నూనె అక్కడిదే.

అప్పట్లో ప్రభుత్వ డే స్కూల్లో ఫీజు ఏడాదికి 20,000 షిల్లింగులు. అది కట్టలేక మధ్యలో ఆగిపోయినవాళ్ళ గురించి టీచరమ్మ చెప్పేది. 2016 జనవరి నుంచి ఫామ్ ఫోర్ దాకా ఫీజులు తీసేశారు, ఆ వార్త నాకు ముందు చెప్పింది కూడా ఆవిడే, ఫోన్లో, ఏడుస్తూ నవ్వుతూ.

వచ్చేటప్పుడు ఆవిడ నాకొక కంగా ఇచ్చింది. దాని మీద "హబా నా హబా హుజాజా కిబాబా" అని ఉంది. కిబాబా అంటే గింజలు కొలిచే కొలత, మన సోల లాంటిది. కొంచెం కొంచెం పోస్తుంటే సోల నిండుతుందని. బా బతికున్నప్పుడు చూపిస్తే, అంచు తడిమి తడిమి చూసి, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఇవ్వలేదు.

టీచరమ్మతో ఇప్పటికీ వాట్సాప్‌లో మాటలు నడుస్తున్నాయి. ఎక్కువగా పొడుపుకథలే. వాయిస్ మెసేజ్‌లో "కిటెండవీలి!" అని వస్తుంది, నేను ఏ పనిలో ఉన్నా "టేగా" అని పంపాలి. ఎప్పుడో గానీ నాకు జవాబు దొరకదు. ఇన్నేళ్ళలో అనంతపురం ఇచ్చేశాను, తాడిపత్రి, కదిరి, హిందూపురం, పెనుకొండ, గుత్తి, కల్యాణదుర్గం అన్నీ ఆవిడకి ఇచ్చేశాను. వెళ్ళిన ప్రతి ఊళ్ళో ఏం తిన్నదో చెప్పి మరీ జవాబు విప్పుతుంది, ఉరవకొండలో అరటికాయ మాంసం వండిపెట్టారట. మొన్న ఆదివారం ఒకటి వేసింది, రాత్రంతా ఆలోచించినా తేలలేదు. నిపే మ్‌జీ అంది. ఇవ్వడానికి పెద్ద ఊళ్ళేవీ మిగల్లేదు, అందుకని ఈసారి మా ఊరే ఇచ్చాను. చిన్న ఊరు, చెరువు కట్ట దిగితే ఆంజనేయస్వామి గుడి, గుడి వెనక బడి, ఎటు తిరగాలో కూడా చెప్పాను.

ఈ రోజుకి నాలుగో రోజు, జవాబు ఇంకా రాలేదు. ఆవిడ ఇంకా మా ఊళ్ళోనే ఉన్నట్టుంది.